బూడిద నిలిచినంతసేపు

పెద్ద మాస్టరుగారు వారానికి ఒక్కటంటే ఒక్క సిగారు కాలుస్తారు. అది కాలుతూ దాని కొసన బూడిద నిలిచి ఉన్నంతసేపు ఎవరేం అడిగినా కాదనరు. బూడిద రాలిందా, అడిగినవాడు ఎంతటివాడైనా మళ్ళీ శనివారం దాకా నోరు మూసుకోవాల్సిందే.

మిగతా ఆరు రోజులూ ఆయన నోట్లో ఒకటే మాట: "జరగదు." కోటు రెండు రోజులు ముందుగా కావాలన్న పెద్దమనిషికి జరగదు. లోపలి జేబు ఇంకాస్త లోతుగా పెట్టమన్నవాడికి జరగదు. ఒకసారి గోడ గడియారం ఆగిపోతే దాని వంక చూసి కూడా "జరగదు" అన్నారని ఇస్త్రీ మాస్టరు చెబుతాడు. అయితే ఇస్త్రీ మాస్టరు చెప్పేదాంట్లో సగం ఆవిరే ఉంటుంది.

అది కోట్లు కుట్టే కొట్టు. ముందు గదిలో నిలువుటద్దం, మధ్య గదిలో నాలుగు మిషన్లు, వెనక గదిలో కటింగ్ బల్ల. ఆ బల్ల ముందు నిలబడి గుడ్డ కోసే హక్కు ముప్ఫై ఏళ్ళుగా పెద్ద మాస్టరుగారిది ఒక్కరిదే. ఆయన కత్తెర ముట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. దుమ్ము దులపడానికి దగ్గరికి వెళ్ళినా సరే, అవతలి గదిలోంచి "జరగదు" అని వినబడుతుంది.

ఆ మిషన్లలో ఒకదాని ముందు ఆయన మేనకోడలు కూర్చుంటుంది. ఆరేళ్ళుగా కుడుతోంది. ఎడమచేతి వాటం, పట్టిన పట్టు వదలని మనిషి. ఆ కటింగ్ బల్ల ముందు ఎప్పటికైనా తానే నిలబడాలని, ఆరునూరైనా నిలబడి తీరాలని ఆమె మనసులో పెట్టుకుంది. అడగడం ఎప్పుడన్నదే సమస్య. అడగాలంటే శనివారమే అడగాలి.

ఆ శనివారపు వైభోగం గురించి ముందు చెప్పాలి. దాన్ని సిగారు అనాలి, చుట్ట అనకూడదు. మాస్టరుగారి భార్య మాత్రం పెళ్ళైన దగ్గర్నుంచీ చుట్ట అనే అంటుంది.

"చుట్ట కాదే, సిగారు."

"పొగ వస్తుందా, రాదా?"

"వస్తుంది."

"అయితే చుట్టే. ఇంట్లో వెలిగించారంటే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతా."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి కార్యక్రమం కొట్టు వెనక పెరట్లోకి మారింది. అక్కడో చెక్క కుర్చీ, ఒక స్టూలు, దాని మీద ఒక ఇత్తడి గిన్నె. నాలుగింటికి మిషన్లు ఆగుతాయి. మాస్టరుగారు చేతులు రెండుసార్లు కడుక్కుంటారు. మొదటిసారి సుద్దపొడి పోవడానికి సబ్బుతో, రెండోసారి సబ్బు వాసన పోవడానికి ఉత్త నీళ్ళతో. తర్వాత మెడలో తాడుకు వేలాడే తాళంచెవి తీసి, అలమరలో ఉన్న దేవదారు పెట్టె తెరుస్తారు. పెట్టె మూలన తడి స్పాంజి ముక్క, మిగతా అంతా సిగార్లు, ఒద్దికగా బడిపిల్లల్లా వరసగా పడుకుని ఉంటాయి.

ఒకటి తీసి ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి చూపిస్తారు.

"పైఆకు చూడు. పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగు. ఒక్క నరమైనా కనబడుతోందా? కనబడదు. మేలిరకం ఉన్ని ఇలాగే ఉంటుంది. నొక్కి చూడు. అలా కాదయ్యా, గుండీ పెట్టుకుంటున్నావా? పసిపిల్ల బుగ్గ నొక్కినట్టు నొక్కు. గట్టిగా లేదు, బోలుగా లేదు. ఇది భుజం సరిగ్గా కూర్చున్న కోటు."

ఆయనకు లోకంలో ఏదైనా కోటే. బాగుంటే భుజం సరిగ్గా కూర్చున్న కోటు, బాగోకపోతే గోనెసంచి. ఒక పెద్దమనిషి తన సూటు చూసి మురిసిపోయి, నల్లగా లావుగా ఉన్న ఘాటు సిగారొకటి కానుకగా ఇచ్చాడు. మాస్టరుగారు రెండు దమ్ములు లాగి గిన్నెలో పెట్టేశారు.

"గోనెసంచి. అరుస్తోంది. అరిచేవాడి దగ్గర చెప్పడానికి సంగతి ఉండదు. మంచి సిగారు మెల్లగా మాట్లాడుతుంది, మనమే చెవి ఒగ్గాలి."

"మరి మీరు వారమంతా మామీద అరుస్తారు కదా మాస్టరుగారూ?" అన్నాడు ఇస్త్రీ మాస్టరు.

"శనివారం అరవను కదా," అన్నారాయన.

అగ్గిపుల్ల గీయగానే వెలిగించరు. గంధకం వాసన పోయేదాకా ఆగుతారు. సిగారును మంటలో పెట్టరు, మంటకు చూపిస్తారు. కొస చుట్టూ సమంగా ఎర్రబడేదాకా తిప్పుతారు. తర్వాత నిమిషానికొక దమ్ము. పొగ లోపలికి పోదు, నోట్లో కాసేపు ఉండి బయటికి వస్తుంది. "మొదట ఎండుగడ్డి," అంటారు కళ్ళు మూసుకుని. "తర్వాత వేయించిన బాదం వాసన. చివర్లో ఏముంటుందో చెప్పకూడదు, ఎవరికి వాళ్ళే తెలుసుకోవాలి."

"నాకు మొదట్నుంచీ చివరిదాకా పొగలాగే ఉంది," అంటాడు ఇస్త్రీ మాస్టరు.

"నీకు ఉన్ని కూడా గుడ్డలాగే ఉంటుందిలే."

అసలు సంగతి బూడిద దగ్గర ఉంది. పొడవాటి ఆకులు మడిచి చుట్టిన మంచి సిగారుకు బూడిద రాలదని, రెండు వేళ్ళ పొడవు నిలుస్తుందని, తరుగు కూరిన నాసిరకానిదైతే చొక్కా మీద పడుతుందని ఆయన సిద్ధాంతం. అది నిలవాలంటే మనిషి కూడా నిలవాలి. అందుకని మొదటి అరంగుళం బూడిద కట్టాక ఆయన మాట్లాడరు, మెడ తిప్పరు, కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటారు.

ఒక శనివారం ఇస్త్రీ మాస్టరు ఆ సమయంలో వచ్చి నిలబడ్డాడు. చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజులు సెలవు కావాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా అడిగి, ఐదు జరగదులు పోగేసుకున్నాడు. ఇక తెగించి ఆరోసారి అడిగాడు. మాస్టరుగారు ఆరో జరగదు కోసం నోరు తెరవబోయారు. రెండు వేళ్ళ బూడిద వణికింది. నోరు మూసుకున్నారు. తల అడ్డంగా ఊపబోయారు. బూడిద మళ్ళీ వణికింది. తల అడ్డంగా తిప్పితే బూడిద రాలుతుంది, నిలువుగా నెమ్మదిగా దించితే రాలదు. పాపం ఆయన అడకత్తెరలో పడ్డారు. చివరికి తల నెమ్మదిగా కిందికి దించి, నెమ్మదిగా పైకెత్తారు.

"అవునన్నారు!" అని ఇస్త్రీ మాస్టరు కొట్టంతా వినబడేలా అరిచాడు. ఇది జరిగి పద్దెనిమిదేళ్ళు.

అప్పటినుంచీ శనివారం నాలుగున్నరకు పెరట్లో వరస కడతారు. కాజాలు కుట్టే ఆవిడ, అందరూ కాజాల అక్క అంటారు, కిటికీ పక్క చోటు అడిగి అలాగే సంపాదించింది. మధ్య గదికి ఫ్యానూ అలాగే వచ్చింది. అయితే అందరికీ కలిసిరాదు. ఒక్కోసారి అడుగుతుండగానే టప్పున బూడిద రాలుతుంది. అప్పుడు మాస్టరుగారు గిన్నె వంక చూసి "అయ్యో" అంటారు. అడిగినవాళ్ళు గాలిని తిట్టుకుంటారు, పక్కింటి పిల్లిని తిట్టుకుంటారు, తామే దగ్గామేమో అనుకుంటారు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మనిషి ఒప్పుకునేవాడే, బూడిద ఒప్పుకోలేదు, అంతే.

మేనకోడలు మొదటిసారి అడిగి ఎనిమిది నెలలైంది. బూడిద వేలి కణుపంత ఉంది, గాలి లేదు, పిల్లి లేదు.

"మావయ్యా, నాకు గుడ్డ కోయడం నేర్పండి. బల్ల ముందు నిలబడతాను."

టప్పున రాలింది. మాస్టరుగారు మోకాలి మీద బూడిద దులుపుకుని "అయ్యో" అన్నారు.

ఆమె వదిలే రకం కాదు. ఇంట్లో మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుని పాత దుప్పట్ల మీద సాధన మొదలుపెట్టింది. మామూలు కత్తెర కుడిచేతికి చేసింది. ఎడమచేత్తో పడితే పై అలుగు, అంటే పైన ఉండే పదును రెక్క, సుద్దగీతను కప్పేస్తుంది, గుడ్డ అలుగుల మధ్య మడతపడుతుంది, పిడి అంచు బొటనవేలి మొదట్లో ఒరుసుకుంటుంది. వారంలో వేలు రేగుపండంత వాచింది.

"ఆ వేలేంటి?" అన్నారు మాస్టరుగారు.

"మిషను సూది గుచ్చుకుంది."

"సూది అక్కడ గుచ్చుకోదు." టేపు తెచ్చి ఆమె బొటనవేలి చుట్టుకొలత, అరచేతి వెడల్పు కొలిచి సుద్దతో ఒక గుడ్డముక్క మీద రాసుకున్నారు.

"ఇదెందుకు మావయ్యా?"

"వాపు తగ్గిందో లేదో తెలియొద్దూ?"

ఆయన పద్ధతులు ఆయనవి కాబట్టి ఆమె ఇంకేమీ అడగలేదు. రెండు నెలలు ఆగి మళ్ళీ పెరట్లో నిలబడింది. ఈసారి బేరం తగ్గించుకుని వచ్చింది.

"మావయ్యా, ఎడమచెయ్యని సందేహిస్తున్నారేమో. కుడిచేత్తోనే నేర్చుకుంటాను. సంతకం కూడా కుడిచేత్తో..."

మాట పూర్తికాకుండానే రాలిపోయింది. అంత తొందరగా బూడిద రాలడం పద్దెనిమిదేళ్ళలో ఎవరూ చూడలేదు. ఆమె మర్నాడంతా మిషను మీద కసి తీర్చుకుంది. పాపం రెండు సూదులు విరిగాయి.

ఇంకో ఐదు నెలలు పోయాక అసలు కష్టం వచ్చింది. మాస్టరుగారి సిగారు బూడిద నిలవడం మానేసింది. ఎవరికీ నిలవడంలేదు. గోరంత కట్టగానే పొడిపొడిగా చొక్కా మీద రాలుతోంది. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. అడగాల్సినవన్నీ పేరుకుపోయాయి. కాజాల అక్కకు స్టూలు కాలు మార్చాలి, ఇస్త్రీ మాస్టరుకు ఇస్త్రీ పెట్టె మార్చాలి, నాలుగో మిషనుకు బెల్టు మార్చాలి. అడగడానికి నోరు తెరిచేలోపే మాస్టరుగారు చొక్కా దులుపుకుంటున్నారు. పైగా "ఎండుగడ్డి" అనడం లేదు, "బాదం" అనడం లేదు, దగ్గుతున్నారు.

అది చాలదన్నట్టు చెత్తబుట్టలో వంకర గుడ్డ ముక్కలు కనబడసాగాయి. ఆయన పొద్దున్నే వచ్చి వెనక గది తలుపు వేసుకుంటున్నారు. అరగంట తర్వాత తలుపు తీస్తే బుట్టలో పీలికలు. తిన్నగా గీసిన సుద్దగీత ఒక దారిని, కత్తెర కోసిన కోత మరో దారిని పోయి ఉంటున్నాయి. దారం మందం తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి కోసిన కోతలు అవి.

ఇస్త్రీ మాస్టరు ఒక పీలిక పట్టుకుని గొంతు తగ్గించాడు. "మాస్టరుగారి చెయ్యి పోయిందమ్మా. బూడిద నిలవడం లేదు, కోత నిలవడం లేదు. రెండూ కలిపి చూసుకో."

కాజాల అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పైకి చెప్పుకోలేక తలుపు వేసుకుంటున్నాడు పాపం."

"ఇదే అదను," అన్నాడు ఇస్త్రీ మాస్టరు మేనకోడలితో. "ఇప్పుడు అడుగు. బల్ల నీదే."

ఆమెకు ఒళ్ళు మండింది. "చెయ్యి పడిపోయిన మనిషి దగ్గర కత్తెర లాక్కోమంటావా అన్నా? నాకు బల్ల కావాలి. కావాలనే ఎనిమిది నెలలుగా కూర్చున్నాను. కానీ ఇలా కాదు. ఆయన చెయ్యి బాగుందని నేనే తేలుస్తాను. తేలాకే అడుగుతాను. తేలకపోతే ఈ జన్మలో ఆ మాటెత్తను."

"ఎలా తేలుస్తావు?"

"బూడిద నిలబెట్టి."

అన్నదే తడవుగా ఇత్తడి గిన్నెలోని సిగారు పీకను, బూడిదను కాగితంలో పొట్లం కట్టుకుని వీధి చివర పొగాకు కొట్టుకు వెళ్ళింది. ఆ కొట్టాయన పొట్లం విప్పి, కళ్ళజోడు పైకి నెట్టి, కింద పెట్టి, మళ్ళీ చూశాడు.

"ఇది మీ మాస్టరుగారిదేనా? ఆయన సరుకు నేనే ఇస్తాను. ఇలా ఉండకూడదే. పైఆకు పగిలింది చూడు. ఎండి గలగలమంటోంది."

"చెయ్యి వణికితే ఇలా అవుతుందా?"

"చెయ్యి వణికితే బూడిద తునకగా రాలుతుందమ్మా. ఇది పొడిగా రాలింది. చెయ్యి తప్పు కాదు, తేమ లేక. ఈ సిగారు చాలా రోజులుగా పెట్టెలో లేదు."

"పెట్టెకు తాళం వేసే ఉంటుందే. మెడలోనే తాళంచెవి."

"అయితే ఆ పెట్టెలో సిగార్లు తప్ప ఇంకేదో ఉండి ఉంటుంది," అన్నాడాయన ముక్కుపొడుం డబ్బా మూత తీస్తూ.

చెయ్యి తప్పు కాదన్న మాట ఒక్కటే ఆమె చెవికెక్కింది. మిగతాది ఆయన తుమ్ములో కలిసిపోయింది. "ఎండినవాటిని మళ్ళీ బాగుచెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు, ఓపికుంటే. బిగుతు మూత ఉన్న గాజుసీసా తీసుకో. చిన్న గిన్నెలో తడి స్పాంజి పెట్టు. స్పాంజి సిగారుకు తగలకూడదు. రోజుకోసారి సిగారు తిప్పు. రెండు వారాలు పడుతుంది. తొందరపడి తడిపావో, ఉబ్బి ఆకు చిట్లుతుంది."

రెండు వారాలంటే ఆమెకు లెక్కేమిటి! మర్నాడు మాస్టరుగారు ఒక సూటు అమర్చి చూడ్డానికి ముందు గదిలోకి వెళ్ళగానే వెనక గదంతా గాలించింది. సిగార్లు ఎక్కడున్నాయంటే, సుద్దబిళ్ళల సొరుగులో. గుడ్డ మీద గీతలు గీసే ఆ సుద్ద చెమట చేతినే క్షణంలో పొడి చేస్తుంది. అలాంటి సొరుగులో, పసిపిల్ల బుగ్గలాంటి సిగార్లు కట్టెపుల్లల్లా పడి ఉన్నాయి. పెట్టె మీద ఈగ వాలనివ్వని మనిషి వాటినిలా పడేశారంటే ఆమెకు చెయ్యి సంగతి కాకుండా మతి సంగతి అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని నోరు నొక్కి, మూడు సిగార్లు తీసుకుని, గుండీల సీసా ఖాళీ చేసి అందులో పెట్టింది.

రెండు శనివారాలు గడిచాయి. ఆ రెండూ మాస్టరుగారు సొరుగులో మిగిలినవాటితో దగ్గుతూనే ఉన్నారు. ఇస్త్రీ మాస్టరు నిట్టూరుస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం పొద్దున్నే సీసా మూత తీసి మూడింటినీ పావువంతు తిప్పి, మూత బిగించి, మిషను ముందు కూర్చునేది. పదో రోజుకు ఆకు మెత్తబడింది. పద్నాలుగో రోజుకు మూత తీయగానే దేవదారు వాసన వచ్చింది. మూడో శనివారం పొద్దున ఎండువాటిని తీసేసి, ఆ మూడింటినీ సొరుగులో పెట్టేసింది.

నాలుగింటికి మాస్టరుగారు చేతులు కడుక్కున్నారు, ఒక్కసారే. ఈ మధ్య ఆ శ్రద్ధ కూడా తగ్గింది. సొరుగులోంచి చూడకుండానే ఒకటి తీసుకుని పెరట్లోకి వచ్చారు. వెలిగించారు. మొదటి దమ్ముకు కనుబొమ్మలు లేచాయి. రెండో దమ్ముకు కళ్ళు మూతపడ్డాయి.

"ఎండుగడ్డి," అన్నారు మెల్లగా. తర్వాత ఒక కన్ను తెరిచి సిగారును అనుమానంగా చూశారు. "ఏమే, ఎక్కడికి పోయావిన్నాళ్ళూ?"

బూడిద గోరంత కట్టింది. నిలిచింది. కణుపంత కట్టింది. నిలిచింది. గుమ్మంలో ఇస్త్రీ మాస్టరు, కాజాల అక్క ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మేనకోడలు గోడకు ఆనుకుని పిడికిళ్ళు బిగించింది. రెండు కణుపులు. తెల్లగా, నిటారుగా నిలిచింది.

ఇస్త్రీ మాస్టరు ఇంకా బాగా చూద్దామని ముందుకు వంగాడు. అతని మోచెయ్యి తగిలి గుమ్మం పక్కన నిలబెట్టిన ఇస్త్రీ బల్ల ధడేలున బండల మీద పడింది. ఆ చప్పుడుకు గోడ మీది పిల్లి స్టూలు మీదికి, స్టూలు మీంచి మాస్టరుగారి ఒళ్ళోకి, ఒళ్ళోంచి పక్కింట్లోకి దూకింది. కాజాల అక్క కెవ్వుమంది.

బూడిద కదల్లేదు.

మాస్టరుగారి చెయ్యి రాతిలో చెక్కినట్టుంది. ఆ చెయ్యిని చూసి మేనకోడలికి గుండెల మీంచి బరువు దిగిపోయింది. బాగుంది, చెయ్యి బాగుంది. ఇక అడగాలని ముందుకు అడుగు వేసింది. అడుగు వేశాక ఆగిపోయింది. ఇస్త్రీ బల్ల పడితే కదలలేదు, పిల్లి దూకితే కదలలేదు. మరి ఆవేళ గాలి కూడా లేకుండా నేను రెండు ముక్కలు మాట్లాడితే ఎలా రాలింది?

అనుకున్న ప్రశ్న మానేసి వేరే ప్రశ్న అడిగింది.

"మావయ్యా, నేను అడిగిన రెండుసార్లూ బూడిద దానంతట అది రాలలేదు. మీరే రాల్చారు. అవునా?"

మాస్టరుగారు ఆమె వంక చూశారు. నోరు తెరవడానికి లేదు, బూడిద రెండు కణుపులుంది. తల అడ్డంగా ఊపడానికి లేదు. పద్దెనిమిదేళ్ళుగా తాను పెట్టిన నియమం ఇవాళ తన మెడకే చుట్టుకుంది. చివరికి తల నెమ్మదిగా దించి, నెమ్మదిగా ఎత్తారు.

"ఎందుకు?" అందామె. గొంతులో కోపం ఎంతుందో ఏడుపూ అంతే ఉంది.

ఆయన ఎడమచెయ్యి మెడ దగ్గరికి పోయింది. తాళంచెవి తాడు తల మీంచి తీసి ఆమెకిచ్చారు. అలమర వైపు వేలు చూపించారు.

దేవదారు పెట్టెలో సిగారు ఒక్కటీ లేదు, తడి స్పాంజి లేదు. నూనె గుడ్డలో చుట్టి ఒక కత్తెర ఉంది. గుడ్డలు కోసే పెద్ద కత్తెర. మామూలు కత్తెరను అద్దంలో చూసినట్టు, అలుగులు తారుమారుగా ఉన్నాయి. ఆమె ఎడమచేతిలోకి తీసుకుంది. బొటనవేలు పిడిలోకి పోయి, కొలతేసి చేసినట్టు అమరింది. కొలతేసే చేశారు మరి. గుడ్డలో ఒక మడత మీద సుద్దతో రాసిన అంకెలు ఇంకా ఉన్నాయి.

ఆమె పెరట్లోకి తిరిగి వచ్చేసరికి మాస్టరుగారు బూడిదను గిన్నెలో జాగ్రత్తగా దించి గొంతు సవరించుకుంటున్నారు.

"ఎడమచేతి కత్తెర చేసేవాడు దొరకడమే కష్టమైంది. దొరికినవాడు ఆరు నెలలు తిప్పాడు. వచ్చాక చూస్తే పదును లేదు, మధ్య మేకు మరీ బిగుతు. అది సరిచేస్తున్నాను రోజూ పొద్దున. సరిగ్గా తెగుతోందో లేదో చూడాలంటే ఎడమచేత్తో కోయాలి. నాకు ఎడమచేత్తో అన్నం కూడా కలపడం రాదు."

"ఆ పీలికలన్నీ..." అన్నాడు ఇస్త్రీ మాస్టరు.

"నా ఎడమచేతి ప్రతిభ. బుట్టలో చూసి నవ్వుకున్నారా?"

"ఏడ్చామండీ," అంది కాజాల అక్క.

"ఆ సంగతి నాతో చెప్పొచ్చుగా మావయ్యా!" అంది మేనకోడలు. "దీన్ని ఇక్కడే ఎందుకు దాచారు? సిగార్లన్నీ నాశనమయ్యాయి."

"కొట్టంతా నువ్వు గాలించని చోటు అదొక్కటే. కత్తెర, తడి స్పాంజి ఒకే పెట్టెలో కాపురం చెయ్యవు, తుప్పు పడుతుంది. అందుకని సిగార్లే బయటికి నడవాల్సి వచ్చింది. ఏడు వారాలు గోనెసంచి కాల్చాను," అని ఆయన ఆరిపోబోతున్న సిగారును ప్రేమగా ఒక దమ్ము లాగారు. "ఇవాళ్టిది ఎలా బాగుపడిందో నాకు తెలియదనుకోకు. గుండీలన్నీ టీ కప్పులో ఉన్నాయి, గుండీల సీసా కనబడటం లేదు."

"మొదటిసారే చెప్పేస్తే పోయేది కదా, కత్తెర వచ్చేదాకా ఆగమని."

"వస్తుందో రాదో తెలియకుండా ఆశ పెట్టనా? అప్పుడే ఒప్పుకుంటే నా కత్తెరతోనే కోసి ఆ వేలు పోగొట్టుకునేదానివి. రెండోసారి ఇంకా బాగుంది. పుట్టిన చెయ్యిని మార్చుకుంటానంటావా? అది విన్నాక బూడిద నా చెయ్యి దాకా ఆగుతుందా?"

"నోటితో 'జరగదు' అంటే పోయేదిగా? వారమంతా అంటూనే ఉంటారు."

మాస్టరుగారు సిగారును గిన్నె అంచుకు ఆనించారు. "వారమంతా మీరడిగేది కోట్ల గురించి. కోటుకు జరగదంటే బాధ లేదు. శనివారం మీరడిగేది మీ గురించి. నా నోటితో కాదంటే మొహం చిన్నబోతుంది. బూడిద కాదంటే దాన్ని తిట్టుకుని పోతారు. తిట్లు తినడానికి బూడిదకేం కష్టం?"

ఇస్త్రీ మాస్టరు వేళ్ళు మడిచి ఏదో లెక్కేస్తున్నాడు. హఠాత్తుగా తలెత్తాడు. "మాస్టరుగారూ, ఆ ఏడాది నేను మా తమ్ముడితో పూర్తిగా తెగతెంపులు చేసుకుంటానని, మీ దస్తూరీ బాగుంటుంది ఉత్తరం రాసిపెట్టమని అడిగాను. బూడిద రాలింది."

"అవును."

"మర్నెల్లో వాడే ఇంటికొచ్చాడు."

"తెలుసు."

"నేను కళ్ళజోడు వద్దు, పెద్ద బెజ్జం సూదులు తెప్పించండి అన్నాను," అంది కాజాల అక్క నెమ్మదిగా. "రాలింది. మర్నాడే కళ్ళ డాక్టరు సూటు కొలతలకని వచ్చి, ఊరికే నా కళ్ళు కూడా చూశాడు." ముక్కు మీది కళ్ళజోడు తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఆ డాక్టరు సూటు కుట్టించుకోనే లేదు."

"నచ్చలేదేమో గుడ్డ," అన్నారు మాస్టరుగారు ఆకాశం వంక చూస్తూ.

పద్దెనిమిదేళ్ళ బూడిద లెక్కలు ఒకరివొకరు తవ్వుకుంటుంటే ఆయనకు పెరట్లో నిలవడం ఇబ్బందైపోయింది. లేచి, మేనకోడలిని వెనక గదిలోకి తీసుకెళ్ళి బల్ల ముందు నిలబెట్టారు. బూడిదరంగు ఉన్ని పరిచి, సుద్దతో ఒక గీత గీసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆమె కోసింది. గీత ఎటు పోయిందో కోతా అటే పోయింది. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, దారం దారం వెతికారు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క "కత్తెర మంచిది," అన్నారు.

ఇప్పుడు పొద్దున పూట వెనక గది తలుపు తెరిచే ఉంటుంది. బల్లకు కుడి పక్క ఆయన, ఎడమ పక్క ఆమె. రెండు మోచేతులూ బయటి వైపుకే ఉంటాయి కాబట్టి ఒకరికొకరు తగలరు. దేవదారు పెట్టె కత్తెరకే ఉండిపోయింది. సిగార్లు గుండీల సీసాలో తడి స్పాంజితో, మేనకోడలి అధీనంలో ఉన్నాయి. రోజూ వాటిని తిప్పేది ఆమే. శనివారం పెరటి వరస మామూలే. బూడిద ఎవరు రాలుస్తారో అందరికీ తెలుసు. రాలితే గాలినీ పిల్లినీ తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇంటికెళ్ళి, ఎందుకు రాలిందా అని ఆలోచిస్తారు.

మేనకోడలు పూర్తిగా తానే కోసిన మొదటి కోటు ఒక బుధవారం నాడు తయారైంది. తొడుక్కున్న పెద్దమనిషి అద్దం ముందు ముందుకీ వెనక్కీ తిరిగి, ఒక్క మాటా అనకుండా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మాస్టరుగారు గుమ్మంలో నిలబడి అతను వీధి మలుపు తిరిగేదాకా ఆ భుజాలనే చూశారు. తర్వాత నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కున్నారు. మళ్ళీ ఉత్త నీళ్ళతో కడుక్కున్నారు.

"మావయ్యా, ఇవాళ బుధవారం," అంది మేనకోడలు.

"తెలుసు. ఒక్కటే. ఆ కోటు పేరు మీద. సీసా ఎక్కడ పెట్టావు?"

ఆమె అప్పటికే తర్వాతి కోటు గుడ్డ మీద వంగి ఉంది. ఎడమచేతిలో కత్తెర గీత వెంట సాగుతోంది. తలెత్తలేదు, కోత ఆపలేదు.

"జరగదు," అంది.

మధ్య గదిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మాస్టరుగారు తడి చేతులతో అలాగే నిలబడ్డారు. మొహం మీద కోపం తెచ్చుకుందామని చూశారు, మీసం కింద నవ్వు అడ్డొచ్చింది.

"సరేలెండి మాస్టరుగారూ, శనివారమే అడుగుతాను," అన్నారు.

"బూడిద నిలిచి ఉన్నప్పుడు అడగండి," అని ఆవిరిలోంచి ఇస్త్రీ మాస్టరు కేకేశాడు.